ముసలమ్మలతో కబుర్లు చెప్పుకోవడం కూడా పరిశోధనేనా?

ప్రశ్న ఇది: "మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. చంద్రపూర్‌లో ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చివరి ఏడాదిలో ఉన్నాను. పీహెచ్‌డీ చేయాలని ఉంది. ల్యాబులో తెల్లకోటు తొడుక్కుని చేసేదే పరిశోధన, మిగిలినదంతా కాలక్షేపం అంటాడు మా మామయ్య. మా హాస్టల్‌లో ఒక అక్క సామాజిక శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. నెలల తరబడి ఊళ్లు తిరిగి ముసలమ్మలతో కబుర్లు చెప్పుకుని వస్తుంది. అది కూడా పరిశోధనేనా సార్? వీటిలో అసలుది ఏది? మాలాంటి మారుమూలవాళ్లకు ఏది చేతనవుతుంది?"

సార్ అన్నావు, పైగా మా తాలూకా పిల్లవు. కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. నేను 31 ఏళ్లు డిగ్రీ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పాను. పీహెచ్‌డీ మాత్రం నలభై దాటాక, సెలవులు కూడబెట్టుకుని, బస్సుల్లో తిరిగి చేశాను. ముసలమ్మలతో కబుర్లు చెప్పుకునే చేశాను. అందుకని నీ ప్రశ్న చూడగానే కొంచెం నవ్వు వచ్చింది, కొంచెం రోషం కూడా వచ్చింది.

ముందు మీ మామయ్యను ఒక మాట అడుగు. మన సిరోంచ దగ్గర పోచంపల్లిలో డైనోసార్ ఎముకలు తవ్వి తీసింది ఎవరు? పురావస్తు శాఖ అంటాడు. కాదు. కలకత్తాలోని భారత గణాంక సంస్థ. లెక్కలవాళ్లు! 1931లో మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలో భూగర్భశాస్త్రం ఎందుకు పుట్టిందంటే, కొలవదగింది ఏదైనా గణాంకశాస్త్రానికి సంబంధించినదేనని ఆయన నమ్మకం. 1950ల చివర్లో లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రవేత్తను పిలిపించి ఆ విభాగానికి పునాది వేయించాడు. ఆ విభాగం మనుషులే ప్రాణహిత, గోదావరి నడుమ మన నేల మీదికి వచ్చారు. 1961 ప్రాంతంలో పోచంపల్లి దగ్గర దాదాపు మనిషి ఎత్తున్న తొడ ఎముక దొరికింది. బెంగాలీలో 'బొడో' అంటే పెద్ద, 'పా' అంటే కాలు. అది రవీంద్రుడి శతజయంతి సంవత్సరం. అలా ఆ జంతువు బారాపాసారస్ టాగోరై అయింది. సుమారు 18 కోట్ల ఏళ్లనాటిది. మన ఊరి పక్కన పడుకున్న జంతువుకు బెంగాలీ పేరు పెట్టారేమిటని నాకు చిన్న కినుక ఇప్పటికీ ఉంది, అది వేరే సంగతి.

ఇక్కడ గమనించాల్సింది ఆ తర్వాత జరిగింది. ఎముకలు బయటపడిన ఏడాది, పేరుతో సహా వ్యాసం వెలువడిన ఏడాది పక్కపక్కన పెట్టి చూడు. వ్యాసం వచ్చింది 1975లో. మధ్యలో పద్నాలుగేళ్లు. మూడువందల దాకా ఎముకలు చిన్న చోటులోనే గుట్టగా దొరికాయి. కనీసం ఆరు జంతువులవి కలిసిపోయి ఉన్నాయి. ఒక్క పుర్రె కూడా దొరకలేదు. ఏ కాలు ఏ నడుముకు చెందుతుంది, ఇది పెద్దదాని చిన్న ఎముకా, చిన్నదాని పెద్ద ఎముకా అన్నది కొలతలు వేసుకుంటూ తేల్చుకోవాలి. ఇప్పుడు అది కలకత్తా సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. ఎవరికైనా అనుమానం వస్తే వెళ్లి మళ్లీ కొలుచుకోవచ్చు.

ఆ ఎముకలు దొరికిన రాతిపొరను కోటా పొర అంటారు. అదే పొరలో, అదే మట్టిలో, చిన్న పన్ను ఒకటి దొరికింది. ఇంత పెద్ద తొడ ఎముక పక్కన ఆ పన్నుకు ఏం విలువ అనుకుంటాం. అది తొలినాటి క్షీరదానిది. మనలాంటి పాలిచ్చే జంతువుల వంశానికి సంబంధించినది. దానికి కోటాథీరియం హాల్డేనై అని పేరు పెట్టారు. ఇంగ్లండు వదిలి వచ్చి ఆ గణాంక సంస్థలోనే పనిచేసిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ పేరు మీదుగా. నది అవతల యామన్‌పల్లిలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవాళ్లు తీసిన కోటాసారస్ అనే ఇంకో డైనోసార్‌ను 1988లో యాదగిరి వర్ణించారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నువ్వు ఫొటో దిగి ఉంటే దాని ముందే దిగి ఉంటావు. ఒకే రాతిపొర ఇది. నది ఈ ఒడ్డున మహారాష్ట్ర, ఆ ఒడ్డున తెలంగాణ. రాళ్లకు ఆ సంగతి తెలియదు.

అందులో తెల్లకోటు ఎక్కడుంది? ఎండలో గడ్డపార పట్టిన కూలీ ఉన్నాడు, బ్రష్షుతో మట్టి దులిపినవాడు ఉన్నాడు, కలకత్తాలో స్కేలు పట్టుకుని పద్నాలుగేళ్లు కూర్చున్నవాళ్లు ఉన్నారు. దాన్ని పరిశోధన చేసింది ఒక్కటే విషయం: నేను చెప్పింది తప్పని నువ్వు చూపించాలంటే ఏం చూపించాలో నేనే ముందుగా నీకు చెప్పగలగాలి. ఆ దారి తెరిచి ఉంచినవాడు పరిశోధకుడు. దారి మూసేసినవాడికి ల్యాబు ఉన్నా లేనట్టే. శాస్త్రాన్ని బట్టి ఈ దారి రూపం మారుతుంది. రాతిలో ఒకలా, ఆస్పత్రిలో ఒకలా, ముసలమ్మ మాటలో ఒకలా ఉంటుంది. నాకు తెలిసినంతలో శాస్త్రాల మధ్య అసలు తేడా ఇదే.

ఇప్పుడు గడ్చిరోలి వైపు వద్దాం. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల పేరు వినే ఉంటావు. 1986లో ఇక్కడికి వచ్చిన డాక్టర్లు. పసిపిల్లలు నిమోనియాతో చనిపోతున్నారు. డాక్టరు నిమిషానికి ఊపిరి లెక్కపెట్టి చెబుతాడు. రెండు నెలల లోపు బిడ్డకు అరవై దాటితే ప్రమాదం, అంతకు పెద్ద పసిబిడ్డకు యాభై. కానీ అడవిలో ఊరికి డాక్టరు లేడు. మంత్రసాని ఉంది. ఆమెకు పది, పన్నెండు దాటి లెక్క రాదు. నువ్వైతే ఏం చేస్తావు? చదువు నేర్పిస్తానంటావు. అది పదేళ్ల పని, బిడ్డ రెండు రోజుల్లో పోతుంది.

వాళ్లు పూసలు తీసుకున్నారు. పలక మీద కమ్మీ, దానికి పూసలు, పక్కన నిమిషం పట్టే ఇసుక గడియారం. బిడ్డ పొట్ట పది సార్లు లేచి పడితే ఒక పూస జరపాలి. రెండు నెలల లోపు బిడ్డ వరుసలో ఐదు ఆకుపచ్చ పూసల తర్వాత ఎర్రపూస. పెద్ద బిడ్డ వరుసలో నాలుగు ఆకుపచ్చ పూసల తర్వాత ఎర్రపూస. ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస దగ్గరికి వచ్చిందా, నిమోనియా. అంతే. నేను దాని బొమ్మ మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు దాని వైపే చూస్తూ ఉండిపోయాను. అది వైద్యమా, ఇంజనీరింగా, మనుషుల గురించిన శాస్త్రమా? ఊపిరి హద్దు వైద్యం చెప్పింది. పూసల అమరిక సాంకేతికం. పది దాకా లెక్క వచ్చు అన్న సంగతి మాత్రం ఆ మంత్రసాని పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటేనే తెలుస్తుంది. ఆ మూడోది లేకపోతే మొదటి రెండూ అటక మీద ఉండేవి.

ఆ తర్వాత 1993 నుంచి 1998 దాకా నవజాత శిశువుల మీద చేసిన ప్రయోగం ఇంకా కఠినమైనది. 39 ఊళ్లలో శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లు ఇంటికే వెళ్లి పసికందును చూసుకున్నారు. 47 ఊళ్లలో మామూలుగా ఉన్న ఏర్పాట్లే ఉన్నాయి. ఈ 47 ఊళ్లు ఎందుకు? మరణాలు తగ్గాయని చెబితే, ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి, పంట పండింది, అందుకే తగ్గాయి అని ఎవడైనా అనవచ్చు. అప్పుడు 47 ఊళ్ల వైపు వేలు చూపించాలి. అక్కడా అదే వాన, అదే పంట. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. 2011లో కేంద్ర ప్రభుత్వం అదే పద్ధతిని ఆశా కార్యకర్తలకు అప్పగించింది. మీ అమ్మగారిని అడుగు, మీ ఇంట్లో ఈమధ్య ఎవరికైనా కాన్పు అయితే ఆశా వచ్చి ఎన్నిసార్లు బిడ్డను తూచి వెళ్లిందో చెబుతారు.

వాళ్లదే 1989 నాటి అధ్యయనం ఇంకొకటి. రెండు ఊళ్లలో 650 మంది స్త్రీలను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. ఆ రోజుల్లో ప్రజారోగ్యానికి స్త్రీ అంటే గర్భిణి, లేదా ఆపరేషన్ చేయించుకోవాల్సిన మనిషి. మిగిలిన జీవితమంతా ఆమె ఒంట్లో ఏముందో ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు ఏ ల్యాబులోనూ జవాబు ఉండదు.

ఇక నా కథ. ఇందులో నేను వెధవనయిన సంగతి కూడా ఉంది, చదివి నవ్వుకో.

నా పీహెచ్‌డీ ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో వరదల జ్ఞాపకం మీద. మొదట ఒక విభాగం, ఇది భూగోళం కాదు, కథల పుస్తకం అని నా ప్రతిపాదనను వెనక్కి పంపింది. రెండో చోట ఒప్పుకున్నారు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. అక్కడ నది పక్కన కొలబద్ద ఉంది, అధికారి రాసి పెట్టాడు. మన చిన్న ఊళ్లలో కొలబద్దలు ఎక్కడివి? గోడ మీద నీరు నిలిచిన గీత, మనిషి జ్ఞాపకం, ఈ రెండే. నేను ఎవరినో బతిమాలి ఎత్తుల తేడా కొలిచే లెవెలింగ్ పరికరం తెచ్చుకుని ఊరంతా తిరిగి పద్నాలుగు ఇళ్ల గోడల మీద గీతలు కొలిచాను. పదమూడు ఇళ్లు ఒకే మాట చెప్పాయి. పద్నాలుగో ఇంటి గీత రెండడుగులు కింద ఉంది. నేను దాని మీద ఒక సిద్ధాంతం కట్టాను. ఆ వీధి దగ్గర వాగు మలుపు ఉంది కాబట్టి నీరు అక్కడ వేరుగా నిలిచింది అని నాలుగు పేజీలు రాశాను. బొమ్మ కూడా గీశాను. బాణాలు పెట్టాను.

ఒకరోజు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగుతూ గీత వైపు చూపించి, అవ్వా, నీళ్లు ఇక్కడిదాకానే వచ్చాయి కదా అన్నాను. ఆమె నా ముఖం వైపు జాలిగా చూసింది. "అది వరద గీత కాదు బిడ్డా. మా అత్త ఎర్రమన్ను పూసిన గీత. పైన సున్నం, కింద ఎర్రమన్ను. ఆమె పొట్టి మనిషి, చెయ్యి అంతే అందేది." మరి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి అని అడిగితే, పైన దూలం దగ్గర ఒక మేకు చూపించింది. ఆ మేకుకు విత్తనాల మూట కట్టి ఉండేదట. మూట అడుగు తడిసింది, పైభాగం తడవలేదు. మూట ఎంత పొడవు అని అడిగితే చేతులు చాచి చూపించింది. కొలిచాను. మిగిలిన పదమూడు ఇళ్లతో సరిపోయింది.

నాలుగు పేజీలు చించేశాను. బాణాలతో సహా.

ఇప్పుడు చెప్పు, కబుర్లు చెప్పుకోకపోతే నా లెవెలింగ్ పరికరం నన్ను ఎక్కడికి తీసుకుపోయేది? అలాగని ముసలమ్మ చెప్పిందల్లా నిజమని రాసుకోవడం కూడా పరిశోధన కాదు. ఒక ఊళ్లో ముగ్గురు ముసలివాళ్లు నీళ్లు గుడి మూడో మెట్టు దాకా వచ్చాయన్నారు. మొదట సంతోషపడ్డాను, ముగ్గురు సాక్షులు దొరికారని. తర్వాత రాసుకున్నది తిరగేస్తే ముగ్గురి వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అంటే ముగ్గురు చూడలేదు, ఒకడు చూసి చెప్పాడు, ఇద్దరు విన్నారు. సాక్షి ఒక్కడే. నిజంగా చూసినవాళ్ల మాటలు కొంచెం కొంచెం తేడాగా ఉంటాయి. ఒకరికి మెట్టు గుర్తుంటుంది, ఒకరికి కొట్టుకుపోయిన బర్రె గుర్తుంటుంది. సంవత్సరాల విషయంలో మరీ జాగ్రత్త. ఏ ఏడు అని అడగకూడదు. ఆ ఏడు ఎవరి పెళ్లి అయింది, పెద్దకొడుకు నడిచేవాడా, చంకలో ఉన్నాడా అని అడగాలి. ఆ కొడుకు బడి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఉంటుంది, అదీ తప్పే ఉంటుంది కానీ ఎంత తప్పో మనకు తెలుసు.

కాబట్టి మీ హాస్టల్ అక్కను వెక్కిరించకు. ఆమె దగ్గర కూర్చుని ఒక్కటే అడుగు: అక్కా, ఆ అవ్వ చెప్పింది తప్పయితే నీకు ఎలా తెలుస్తుంది? జవాబు చెప్పగలిగితే ఆమె మీ మామయ్య చెప్పే తెల్లకోటువాళ్లలో చాలామంది కంటే మంచి పరిశోధకురాలు. తడబడితే, ఆమెకు కూడా ఆ ప్రశ్న పనికొస్తుంది.

మారుమూల అన్నావు. ఆ మాట మీద నాకు కోపం ఉంది. నీకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో మాడియావాళ్ల మాట చెవిన పడుతూ ఉంటుంది. అదీ గోండీలో ఒక రకమే. గోండీలో రండ్, మూండ్, నాలుంగ్ అని లెక్కపెడతారు. విని ఎప్పుడైనా ఆశ్చర్యపోయావా? రెండు, మూడు, నాలుగు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్గీకరణలో తెలుగు, గోండి, కొండ, కుయి, కువి ఒకే దక్షిణమధ్య ద్రావిడ శాఖలో ఉన్నాయి. తమిళం, కన్నడం వేరే శాఖ. అంటే మాడియా మాట మనకు తమిళం కంటే దగ్గరి చుట్టం. హైదరాబాద్‌లోనో పుణెలోనో కూర్చున్న విద్యార్థి ఈ మూడు భాషలు చెవికి అలవాటు చేసుకోవడానికి కొన్నేళ్లు ఖర్చు పెట్టాలి. నీకు అవి పుట్టుకతో వచ్చిన పరికరాలు. మైక్రోస్కోపు ప్రభుత్వం కొనిస్తుంది, వీటిని కొనివ్వలేదు.

ఇంకో సరిహద్దు మాట గుర్తొచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు అనగానే మనకు వ్యావహారిక భాష ఉద్యమం గుర్తొస్తుంది. ఆయన పనిచేసింది ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో. చరిత్ర చెప్పుకునే బడిపంతులు. ముఖలింగం గుడి శాసనాలు చదివాడు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. శాసనాలు ఒక శాస్త్రం, సవర భాష ఒక శాస్త్రం, బడిపిల్లల పాఠ్యపుస్తకం ఏ భాషలో ఉండాలన్నది ఇంకో శాస్త్రం అని మనం గీతలు గీస్తాం. ఆయనకు అది ఒకటే ప్రశ్నలా కనిపించి ఉంటుందని నా ఊహ: మనుషులు నిజంగా ఏం మాట్లాడుతున్నారు?

ఇంజనీరింగ్ గురించి పెద్దగా చెప్పను, నాకు అంత తెలియదు. మన ఎదుటే ఉన్న మేడిగడ్డ బ్యారేజీని మాత్రం చూడు. 2019లో ప్రారంభించారు. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ వచ్చి కారణాలు వెతికింది. పునాది కింద ఇసుక ఏమైందన్నది ఒక పరిశోధన. మన ఒడ్డున పొలాలు మునుగుతున్నాయని రైతులు చేసిన ఆందోళన ఇంకో పరిశోధనకు మొదలు. రెండింటికీ మూలం ఒకే నీళ్లు. రెండోదానికి తెలుగు, మరాఠీ రెండూ వచ్చిన మనిషి కావాలి, ఎందుకంటే ఒక ఒడ్డు కాగితాలు ఒక భాషలో, రెండో ఒడ్డు కాగితాలు ఇంకో భాషలో ఉంటాయి.

ఇప్పుడు నీ సంగతి. వృక్షశాస్త్రం అన్నావు. నేను నీ గైడునైతే ఇప్పచెట్టు ఇచ్చేవాణ్ణి.

మన వైపు పెద్ద ఇప్పచెట్లు కనిపిస్తాయి, పిల్ల ఇప్పమొక్కలు ఎన్ని కనిపిస్తాయి? మీ ఊరి చుట్టూ ఒక ఆదివారం తిరిగి లెక్కపెట్టు. తక్కువగా కనిపిస్తే, ఎందుకు అన్నది నీ ప్రశ్న. గింజ సంగతి నువ్వు చూడగలవు. ఇప్పగింజ ఎక్కువకాలం నిలవ ఉండదు, ఎండిపోతే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. అది ల్యాబు పని, మీ మామయ్య కూడా సంతోషిస్తాడు. కానీ గింజ నేల మీద పడి ఉంటే కదా మొలిచేది. నూనె కోసం గింజలన్నీ ఏరుకుపోతారు. ఏరకపోతే ఆ ఇంటికి ఆ నెల ఉప్పు, మిరపకాయ ఎలా వస్తాయి? ఇది ఆర్థికశాస్త్రం. మిగిలిపోయి మొలిచిన మొక్కను మేక కొరుకుతుంది. మేక కొరకని మొక్క నిప్పుకు పోతుంది, ఎందుకంటే పువ్వు రాలే కాలంలో ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకులు తగలబెడతారు. నిప్పు పెట్టొద్దని అటవీశాఖ అంటుంది. ఆకుల్లో పడిన పువ్వును చీకట్లో ఎలా ఏరమంటారని ఏరుకునే మనిషి అంటుంది. ఇద్దరిదీ నిజమే. గబ్బిలాలు ఇప్పపువ్వు తింటూ పుప్పొడి మోస్తాయి, పండు తిని గింజను దూరంగా పడేస్తాయి. మన ఊళ్లలో గబ్బిలాల మర్రిచెట్లు ఎన్ని మిగిలాయి? చివరిగా, ఇప్పమొక్క నాటితే పూయడానికి ఏళ్లు పడుతుంది. ఆ నేల ఎవరిదో తెలియనప్పుడు ఎవరు నాటుతారు? అక్కడ 2006 అటవీ హక్కుల చట్టం వస్తుంది. మన జిల్లాలోనే ధానోరా తాలూకా మెండా లేఖా గ్రామసభ 2009లో అడవి మీద సామూహిక హక్కు పొందింది. హక్కు వచ్చిన ఊళ్లో పిల్లమొక్కలు ఎక్కువ ఉన్నాయా, రాని ఊళ్లో తక్కువ ఉన్నాయా? ఇది నీ 39 ఊళ్లు, 47 ఊళ్ల లెక్క. రెండు రకాల ఊళ్లలోనూ నేల, వాన, మేకల సంఖ్య ఒకేలా ఉండేలా ఎంచుకోవాలి, లేకపోతే నా ఎర్రమన్ను గీతలా అవుతుంది.

అన్నీ నువ్వు చేయలేవు, చేయకూడదు కూడా. పీహెచ్‌డీకి ఒక ముక్క చాలు. నిప్పు పెట్టిన చెట్టు కింద, పెట్టని చెట్టు కింద మూడేళ్లపాటు మొలకలు లెక్కపెట్టడం ఒక్కటే తీసుకున్నా నీ థీసిస్ నిలబడుతుంది. మిగతావి తెలిసి ఉంటే నీ లెక్క ఎక్కడ తప్పుతుందో నీకు ముందే తెలుస్తుంది.

డబ్బు, కాగితాల సంగతి త్వరగా చెబుతాను. నీ సబ్జెక్టుకు సీఎస్‌ఐఆర్ యూజీసీ నెట్‌లో జీవశాస్త్రాల పేపరు రాయాలి. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్, వస్తే నెలకు 37,000 రూపాయలు, 2023 జనవరి నుంచి ఈ రేటు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు, ప్రసూతి సెలవు 240 రోజుల దాకా ఉన్నాయి. ఇంట్లో పెళ్లి మాట ఎత్తితే ఈ వాక్యం చదివి వినిపించు. దరఖాస్తు చేసేముందు శోధగంగ వెబ్‌సైట్‌లో ఇప్పచెట్టు మీద వచ్చిన థీసిస్‌లు నాలుగైనా చదువు. గైడును పేరు చూసి ఎంచుకోవద్దు. ఆయన దగ్గర ఇప్పుడు చేస్తున్న విద్యార్థిని పట్టుకుని, ఫీల్డుకు వెళ్తానంటే సార్ ఏమంటారు అని అడుగు. ల్యాబు వదిలి ఎందుకు అనే రకమైతే నీకు కుదరదు.

పత్రికల విషయంలో ఒక దెబ్బ తిన్నాను. ఒక పత్రిక పేరు గొప్పగా ఉంది, అంతర్జాతీయ అని కూడా తగిలించుకుంది. వ్యాసం పంపిన మూడో రోజే ఒప్పుకున్నాం, డబ్బు కట్టండి అని జవాబు. మూడు రోజుల్లో నా వ్యాసాన్ని చదివి ఒప్పుకున్నవాడు దాన్ని చదవలేదని అర్థం కావడానికి నాకు ఆరు వేల రూపాయలు ఖర్చయ్యాయి. మంచి పత్రిక నెలలు తీసుకుంటుంది, నీ తప్పులు పట్టి వెనక్కి పంపుతుంది. ఆ ఉత్తరం చదివినప్పుడు ఏడుపు వస్తుంది. రెండు రోజులాగి మళ్లీ చదువు, సగం మాటలు సరైనవే అని కనిపిస్తాయి.

ఇది మార్చి నెల. ఇప్పపువ్వు రాలడం మొదలయ్యే వేళ. దరఖాస్తులు తర్వాత చూద్దువు గానీ, ఈ సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి పువ్వు ఏరే ఆడవాళ్లతో కలిసి ఒక్క వారం వెళ్లు. నోటుబుక్కు మొదటి రెండు రోజులు సంచిలోంచి తీయొద్దు, పువ్వే ఏరు. మూడో రోజు నుంచి ఏ చెట్టు కింద ఆకులు కాల్చారో, ఏ చెట్టు కింద కాల్చలేదో రాసుకో. ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు. టార్చి తీసుకెళ్లు, దారిలో గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. ఆ పువ్వు కోసం ఎలుగుబంటి కూడా అదే వేళకు వస్తుంది.